సదరం శిబిరానికి వెళ్ళేముందు

సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేసినప్పుడు కవిత రాద్దామనుకున్నాను. మన హాస్టల్లో కవులకు ఎప్పుడూ కొదవ లేదు కాబట్టి ఆ పని వాళ్ళకు వదిలేసి, పోయిన వార్షికోత్సవం నాడు జరిగిన ఒక సంగతి గురించి రాస్తున్నాను. చదివే తమ్ముళ్ళకు, ఊళ్ళో వాళ్ళ అమ్మానాన్నలకు ఉపయోగపడుతుందని నా ఆశ.

ఆ రోజు సభలో అమెరికా నుంచి వచ్చిన మన పూర్వ విద్యార్థి ఒకాయన అక్కడి విశేషాలు చెప్పారు. నడవలేని వాళ్ళ కార్లకు లోపలి అద్దం మీద ఒక కార్డు వేలాడుతుందట. శాశ్వతమైన ఇబ్బంది ఉన్నవాళ్ళకు నీలం కార్డు, కాలు విరిగి కొన్ని నెలలపాటు మాత్రమే అవస్థపడే వాళ్ళకు ఎర్ర కార్డు. అది ఉంటే ఆసుపత్రి ముందైనా అంగడి ముందైనా గుమ్మానికి దగ్గరగా బండి పెట్టుకోవచ్చు. డాక్టరు సంతకం చేసిన ఫారం ఇస్తే రవాణా శాఖ వాళ్ళు ఆ కార్డు ఇస్తారు. డాక్టరు చూసే విషయాల్లో ఒకటి, మనిషి ఆగకుండా 200 అడుగులు నడవగలడా లేడా అన్నది. అందరం నోరెళ్ళబెట్టి వింటున్నాం. అప్పుడు వెనక వరుస నుంచి తొమ్మిదో తరగతి తమ్ముడొకడు లేచి, "అన్నా, ఆ కార్డు మన దగ్గర ఎట్టా అప్లై చెయ్యాలి? సైకిలుకి కూడా ఇస్తారా?" అని అడిగాడు. సభంతా నవ్వింది. నేనూ నవ్వాను.

భోజనాల దగ్గర వాడిని పిలిచి కూర్చోబెట్టుకున్నాను. వాడిది కనిగిరి వైపు. మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. సైకిలు మీద బడికి పోవడం తేలికే కానీ బళ్ళో సైకిలు స్టాండు గ్రౌండుకు అవతలి చివర ఉంది. అక్కడ దిగి గ్రౌండంతా దాటి తరగతికి వచ్చేసరికి కాళ్ళు పీక్కుపోతాయి. వాడు నవ్వించడానికి అడగలేదన్నమాట. "నీకు సదరం సర్టిఫికెట్ ఉందా?" అన్నాను. "అదేందన్నా?" అన్నాడు.

అమెరికాలోలాగా పార్కింగ్‌కని విడిగా ఇచ్చే కార్డు మన ఊళ్ళలో ఎవరి బండికీ కనపడదు. మన దగ్గర బస్సు రాయితీ, పింఛను, కాలేజీ సీటు, ఉద్యోగం, పరీక్షలో అదనపు సమయం, బండి రిజిస్ట్రేషను, అన్నిటికీ మూలం ఒకటే కాగితం. అది వైకల్య ధ్రువపత్రం. మనవాళ్ళు దాన్ని సదరం సర్టిఫికెట్ అంటారు.

సదరం అనేది తెలుగు మాట కాదు. 2009-10 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వైకల్యాన్ని కంప్యూటరు ద్వారా లెక్కగట్టి సర్టిఫికెట్లు ఇవ్వడానికి ఒక పద్ధతి పెట్టింది. దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపితే సదరెం అయింది. జనం నోట్లో సదరం అయి నిలిచిపోయింది. అంతకుముందు డాక్టర్ల బోర్డు చేత్తో రాసి ఇచ్చేది. ఒకే కాలికి ఒక ఊళ్ళో ఒక శాతం, ఇంకో ఊళ్ళో ఇంకో శాతం వచ్చేదని పెద్దవాళ్ళు చెబుతుంటారు.

చట్టం సంగతికి వస్తే, 1995 నాటి చట్టంలో వైకల్యాలు ఏడు రకాలే. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఇందులో 21 రకాలు ఉన్నాయి. కాళ్ళూ చేతులూ కళ్ళూ చెవులే కాకుండా మరుగుజ్జుతనం, కండరాల క్షీణత, యాసిడ్ దాడి బాధితులు, తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, పార్కిన్సన్స్, చదువులో అక్షరాలు తడబడే ప్రత్యేక అభ్యసన లోపం వంటివి చేరాయి. మనలో చాలామందికి ఇప్పటికీ పాత ఏడే తెలుసు. తలసీమియాతో నెలనెలా రక్తం ఎక్కించుకునే పిల్లలు కూడా ఈ చట్టం కిందికి వస్తారని తెలియక వాళ్ళ తల్లిదండ్రులు అడగనే అడగరు.

మన ప్రాంతానికి సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధిని 1937లోనే వైద్యులు గుర్తించి రాసింది అప్పటి నెల్లూరు జిల్లాలోని పల్లెల గురించి. ఆ పల్లెలున్న దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతం 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి వచ్చింది. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం అని పేరు పెట్టారు. బోరు నీళ్ళలో ఎక్కువగా ఉండే ఫ్లోరైడు ఎముకల్లో చేరి కీళ్ళు బిగదీస్తుంది, వెన్ను వంచుతుంది, పిల్లల మోకాళ్ళు వంకర చేస్తుంది. అక్కడ నలభై ఏళ్ళ మనిషి కర్ర పట్టుకు నడిస్తే ఎవరూ వింతగా చూడరు. "మా ఊరి నీళ్ళు అంతే" అనుకుంటారు. ఊరందరికీ ఉన్న బాధ కాబట్టి అది వైకల్యం కిందికి రాదని వాళ్ళ నమ్మకం. కానీ ఫ్లోరోసిస్ వల్ల కీళ్ళు కదలకపోయినా, పోలియో వల్ల కాలు సన్నబడినా, మిల్లులో చెయ్యి నలిగినా డాక్టరు చూసేది ఒకటే. ఆ అవయవం ఎంత పనిచేస్తుంది, ఎంత పనిచేయదు అన్నది.

మా నాన్న చెయ్యి మిల్లులో నలిగింది. నేను ఈ హాస్టల్లో ఏడో తరగతి చదువుతున్న ఏడాది పత్తి సీజనులో ఒక జిన్నింగు మిల్లు రోలరులో ఆయన కుడి చెయ్యి ఇరుక్కుంది. బొటనవేలు మొదలంటా పోయింది. చూపుడు వేలు, మధ్య వేలు ఉన్నాయి కానీ వంగవు. మిల్లువాళ్ళు ఆసుపత్రి ఖర్చు పెట్టుకుని, చేతిలో కొంత డబ్బు పెట్టి పంపేశారు. పనిలో దెబ్బ తగిలిన కూలీకి నష్టపరిహారం ఇచ్చే చట్టం 1923 నుంచే ఉందనీ, ప్రమాదం జరిగిన రెండేళ్ళలోపు దరఖాస్తు పెట్టుకోవాలనీ నేను డిగ్రీలో చేరాక చదివాను. అప్పటికి ఆరేళ్ళు దాటింది. మా ఇంట్లో అంతకు ముందు ఇలాంటివి చదివినవాళ్ళు లేరు.

సదరం సంగతి కూడా అలాగే ఆలస్యంగా తెలిసింది. నాన్న మొదట ఒప్పుకోలేదు. "ఏందిరా, అవిటోడినని కాయితం రాయించుకోమంటావా? ఈ చేత్తోనే మిరపకాయ టిక్కీలు మోస్తన్నా గదా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఆయన నిజంగానే యార్డులో ఎడమ భుజం మీద టిక్కీలు మోస్తున్నాడు. చివరికి అమ్మ ఒప్పించింది. మిరపకోతల కాలం, ఇద్దరి కూలీ పోగొట్టుకుని నాన్నతో పాటు శిబిరానికి వచ్చింది.

మొదటిసారి ఆయనకు 30 శాతం వచ్చింది.

ఇక్కడే మనవాళ్ళు చాలామంది బోల్తా పడతారు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. చట్ట ప్రకారం వచ్చే లాభాల్లో చాలా వాటికి గడప 40 శాతం. అది ఉంటేనే బెంచ్‌మార్క్ వైకల్యం అంటారు. 39 వచ్చినా 10 వచ్చినా సర్టిఫికెట్ ఇస్తారు కానీ రిజర్వేషనూ పింఛనూ రావు. ఈ శాతం డాక్టరు మనసుకు తోచింది రాసేది కాదు. కేంద్ర ప్రభుత్వం 2001లో మార్గదర్శకాలు ప్రకటించింది. 2018 జనవరిలో, మళ్ళీ 2024లో వాటిని సవరించింది. 2001 నాటి లెక్కలో బొటనవేలు మొదటి కీలు దగ్గర పూర్తిగా పోతే 30. చెయ్యి మణికట్టు దగ్గర పోతే 60. పాదం ముందు భాగం పోతే 30, సగం దాకా పోతే 40. ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగుంటే 30. ఒక కన్ను లేని వాళ్ళకు పింఛను ఎందుకు రాలేదని ఊళ్ళలో గొడవలు జరగడానికి కారణం ఈ 30. చెవుల విషయంలో రెండు చెవులనూ కలిపి చూస్తారు. ఒక చెవి పూర్తిగా పోయినా రెండోది బాగా వినపడితే గడప దాటడం కష్టం.

రెండు రకాల వైకల్యాలు ఒకే మనిషికి ఉంటే వాటిని మామూలుగా కూడరు. నేను చదివింది స్టాటిస్టిక్స్ కాబట్టి ఈ సూత్రం చూడగానే సంతోషం వేసింది. లెక్కల తమ్ముళ్ళు చూడండి. పెద్ద శాతాన్ని ఎ అనుకోండి, చిన్నదాన్ని బి అనుకోండి. 90 లోంచి ఎ తీసివేసి, దాన్ని బి తో గుణించి, 90 తో భాగించి, వచ్చిన దానికి ఎ కలపాలి. ఒకాయనకు ఒక కన్ను పోయి 30, కాలు వల్ల 20 అనుకుందాం. 90 లో 30 పోతే 60. 60 ని 20 తో గుణిస్తే 1200. 90 తో భాగిస్తే 13.3. దానికి 30 కలిపితే 43.3. మామూలుగా కూడితే 50 రావాలి కానీ రాలేదు. అయినా గడప దాటింది. ఇప్పుడు అసలు విషయం. ఆయన కంటి డాక్టరుకు మాత్రమే చూపించుకుని, కాలి సంగతి చెప్పకుండా ఇంటికి వచ్చేస్తే 30 దగ్గరే ఆగిపోతాడు.

మా నాన్నకు జరిగింది ఇంచుమించు ఇదే. ఆయన చెయ్యి జేబులో పెట్టుకుని కూర్చున్నాడు. డాక్టరు అడిగితే తీసి చూపించాడు. బొటనవేలు లేదు, అది ఎవరికైనా కనపడుతుంది. మిగతా రెండు వేళ్ళు వంగవన్న సంగతి ఆయన చెప్పలేదు. చెప్పుకోవడం నామోషీ. పైగా మేము ఎక్స్‌రే తీసుకెళ్ళలేదు, పాత ఆసుపత్రి చీటీలు తీసుకెళ్ళలేదు. బయట వందలమంది వరస. లోపల ఉన్నది రెండు నిమిషాలో మూడు నిమిషాలో. నాన్న బయటికి వచ్చి, "అయిపోయింది, పదండి" అన్నాడు, పని ముగిసినందుకు సంతోషంగా.

రెండోసారి వెళ్ళేముందు నేను ఎక్స్‌రే తీయించాను. ప్రమాదం నాటి డిశ్చార్జి చీటీ బియ్యం డబ్బా అడుగున దొరికింది. నాన్నకు ఒకటే చెప్పాను. "డాక్టరు గారు పిడికిలి బిగించమంటే బలవంతాన బిగించినట్టు చూపించొద్దు. ఎంత వంగితే అంతే వంచు" అని. ఆయనకు అది చాలా కష్టమైంది. కష్టపడి పనిచేసే మనిషికి చేతకాదు అని చెప్పడం అలవాటు ఉండదు. ఈసారి వేళ్ళ కీళ్ళు కొలిచారు. పట్టు ఎంత ఉందో చూశారు. కుడిచేతి వాటం కాబట్టి దానికి కొంత కలిపారు. 46 శాతం వచ్చింది. చెయ్యి మారలేదు, డాక్టరు అన్యాయం చేసిందీ లేదు. చూపించింది మొదటిసారి సగం, రెండోసారి పూర్తిగా.

ఇది చదివి ఎక్కువ చేసి చూపిస్తే ఎక్కువ వస్తుందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. అబద్ధపు సర్టిఫికెట్‌తో లాభం పొందితే రెండేళ్ళ వరకు జైలు గానీ, లక్ష రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడతాయని 2016 చట్టంలో 91వ సెక్షన్ చెబుతుంది. సర్టిఫికెట్ ఇప్పిస్తామని శిబిరాల చుట్టూ తిరిగే దళారులకు డబ్బులిచ్చినవాళ్ళు ఆ డబ్బూ పోగొట్టుకుని తర్వాతి తనిఖీలో సర్టిఫికెట్టూ పోగొట్టుకుంటారు. 2025లో మన రాష్ట్రంలో పింఛను తీసుకుంటున్న దివ్యాంగులకు మళ్ళీ వైద్య పరీక్షలు జరిగాయి. ఆగస్టులో చాలామందికి నోటీసులు వచ్చాయి. అందులో నిజంగా అర్హులైన వాళ్ళూ ఉండి లబోదిబోమన్నారు. నాన్నను కూడా పిలిచారు. ఎక్స్‌రేలూ పాత చీటీలూ ఒక గుడ్డ సంచిలో వేసి ఉంచాం కాబట్టి ఆ సంచి పట్టుకుని వెళ్ళాడు. శాతం నిలబడింది.

ఇక దరఖాస్తు ఎలా చేయాలో చెబుతాను. మీ ఊరి గ్రామ సచివాలయంలో గానీ మీసేవలో గానీ ఆధార్ కార్డు చూపించి సదరం స్లాటు అడగాలి. ఏ ఆసుపత్రిలో, ఏ తేదీన, ఏ రకం వైకల్యానికి అన్నది చీటీ మీద వస్తుంది. స్లాట్లు విడుదలైన కొద్దిసేపటికే నిండిపోతుంటాయి. కాబట్టి ఎప్పుడు విడుదల చేస్తారో సచివాలయంలో ముందే కనుక్కుని ఆ పొద్దున అక్కడ ఉండాలి. వైకల్యం రకం సరిగా రాయించడం ముఖ్యం. కాలి సమస్యకు చెవుల డాక్టరు దగ్గర స్లాటు పడితే ఆ రోజంతా వృథా. రెండు రకాలు ఉంటే రెండూ రాయించాలి.

దీనితో పాటు కేంద్ర ప్రభుత్వం వారి యూడీఐడీ కార్డు ఉంది. దాన్నే స్వావలంబన్ కార్డు అని కూడా అంటారు. 2021 జూన్ 1 నుంచి వైకల్య ధ్రువపత్రాలు ఆ పోర్టల్ ద్వారానే ఆన్‌లైన్లో ఇవ్వాలని కేంద్రం ఆదేశించింది. దరఖాస్తుకు రుసుం లేదు. ఆధార్, ఈమధ్య తీయించుకున్న ఫొటో, సంతకం లేదా వేలిముద్ర కావాలి. పాత సదరం సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు దాన్ని జతచేసి దరఖాస్తు పెట్టవచ్చు. కార్డు మీద గీత రంగు శాతాన్ని బట్టి ఉంటుంది. 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆ పైన నీలం. అమెరికా అన్న చెప్పిన నీలం కార్డుకూ దీనికీ సంబంధం లేదు, రంగు కలిసింది అంతే. ఈ కార్డు దేశమంతా చెల్లుతుంది. హైదరాబాదులో చదువుకున్నా, బెంగళూరులో పనికి పోయినా మళ్ళీ తీసుకోనక్కరలేదు.

ఆధార్‌లో పేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో పేరు ఒకటేనా కాదా చూసుకోండి. మన ఇళ్ళలో పేరు ఒకటి, బళ్ళో రాయించింది ఇంకొకటి, ఇంటిపేరు ముందో వెనకో అన్నది మామూలే. అక్షరం తేడా ఉన్నా కౌన్సెలింగ్ రోజున కన్నీళ్ళే. నా క్లాస్‌మేట్ ఒకడికి ఆ ఒక్క అక్షరం వల్ల ఏడాది పోయింది.

సర్టిఫికెట్ చేతికి రాగానే దాని మీద శాశ్వతం అని ఉందా, తాత్కాలికం అని ఉందా చూడండి. తాత్కాలికమైతే ఏ తేదీ వరకు చెల్లుతుందో ఉంటుంది. ఎదిగే పిల్లలకు, చికిత్సతో మార్పు వచ్చే జబ్బులకు తాత్కాలికం ఇస్తారు. ఆ తేదీ దాటక ముందే మళ్ళీ స్లాటు పెట్టుకోవాలి. శాతం తక్కువ వచ్చిందని గట్టిగా అనిపిస్తే, లేదా అసలు ఇవ్వమని తిరస్కరిస్తే, అప్పీలు చేసుకునే హక్కు 59వ సెక్షన్ ఇస్తుంది. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వమని అడగండి. నోటి మాటతో వెనక్కి రావద్దు. జిల్లా కేంద్రంలో విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ సహాయ సంచాలకుల కార్యాలయం ఉంటుంది. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అని బోర్డు మీద పేరు మారుతూ వచ్చింది కాబట్టి ఊళ్ళో దారి అడిగేటప్పుడు మూడు పేర్లూ చెప్పడం మంచిది. 2022 ఏప్రిల్ 4న మన పాత గుంటూరు జిల్లా గుంటూరు, పల్నాడు, బాపట్ల కింద విడిపోయింది. అందువల్ల మీ మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసుకుని వెళ్ళాలి. మేము నరసరావుపేట వెళ్ళవలసింది పోయి అలవాటుగా గుంటూరు బస్సెక్కి ఒక రోజు పోగొట్టుకున్నాం.

చదువుకునే తమ్ముళ్ళు ఇప్పుడు రాయబోయేది తప్పక చదవాలి. "మనకు ఎస్సీ రిజర్వేషన్ ఉందిగా, మళ్ళీ ఇదెందుకు" అని మన హాస్టల్లో అనేవాళ్ళు ఉన్నారు. ఆ రెండూ వేరు. కులాన్ని బట్టి ఇచ్చే రిజర్వేషను నిలువు రిజర్వేషను. వైకల్యాన్ని బట్టి ఇచ్చేది అడ్డం రిజర్వేషను. 1992 మండల్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ తేడా స్పష్టంగా చెప్పింది. అడ్డం గీత అన్ని నిలువు గీతలనూ కోసుకుంటూ పోతుంది. అంటే ఎస్సీ విద్యార్థికి 40 శాతం వైకల్యం ఉంటే అతను వైకల్య కోటాలో కూడా పోటీ పడవచ్చు. ఎంపికైతే ఎస్సీ లెక్కలోనే కూర్చుంటాడు. ఒకటి తీసుకుంటే రెండోది పోదు. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం ఖాళీలు ఈ కోటా కిందివి. కేంద్ర ఉద్యోగాలకు వయసులో దివ్యాంగులకు మామూలుగా పదేళ్ళు, ఎస్సీ ఎస్టీ దివ్యాంగులకు పదిహేనేళ్ళు సడలింపు ఉంది.

పరీక్ష రాసేటప్పుడు చెయ్యి సహకరించని వాళ్ళకు, చూపు లేని వాళ్ళకు రాసిపెట్టే మనిషి సాయం తీసుకునే హక్కు ఉంది. గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. 40 శాతం లేకపోయినా రాయడంలో నిజమైన ఇబ్బంది ఉంటే సహాయకుణ్ణి ఇవ్వాలని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గడప దాటని తమ్ముళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి. అయితే ఇవన్నీ పరీక్షకు ముందే అడిగి అనుమతి తీసుకోవాలి. హాలులో కూర్చున్నాక అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు. కౌన్సెలింగ్ కూడా అంతే. సీటు వచ్చే రోజున సర్టిఫికెట్ కోసం పరుగెత్తితే స్లాటు దొరకదు. నియమాల్లో దరఖాస్తు పరిష్కారానికి ఇంతకుముందు నెల గడువు ఉండేది. 2024 అక్టోబరు సవరణలో అది మూడు నెలలైంది. కాబట్టి తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే, పదో తరగతి ఒత్తిడి మొదలుకాక ముందే తీసుకుని పెట్టె అడుగున పెట్టుకోండి.

పింఛను సంగతి అందరికీ తెలిసిందే. 40 శాతం దాటిన దివ్యాంగులకు అంతకుముందు 3000 ఉన్న పింఛను 2024లో 6000 అయింది. పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకు 15000. రైలు రాయితీకి మాత్రం 40 శాతం ఒక్కటే చాలదు. చలన వైకల్యం ఉన్నవాళ్ళలో తోడు లేకుండా ప్రయాణం చేయలేని వాళ్ళకే అది వర్తిస్తుంది.

మళ్ళీ బండ్ల దగ్గరికి వస్తాను. పక్కచక్రాలు బిగించిన స్కూటర్లు మన ఊళ్ళలో చాలా తిరుగుతున్నాయి. మోటారు వాహనాల చట్టంలో 2019లో వీటికి అనుకూలపరచిన వాహనం అనే కొత్త పేరు వచ్చింది. ఊళ్ళో మెకానిక్ చేత చక్రాలు వేయించుకుని ఊరుకోకూడదు, రవాణా కార్యాలయంలో చూపించి రిజిస్ట్రేషను పుస్తకంలో ఎక్కించుకోవాలి. ఎక్కించకపోతే ప్రమాదం జరిగిననాడు బీమా దగ్గర చిక్కు వస్తుంది. 2020 అక్టోబరులో రిజిస్ట్రేషను ఫారంలో యజమాని దివ్యాంగుడు అని రాసుకునే గడి కూడా చేర్చారు. పార్కింగ్ స్థలం గురించి కేంద్రం వారి నిర్మాణ మార్గదర్శకాల్లో ఉంది. ప్రజలు వచ్చే భవనాల దగ్గర ప్రధాన ద్వారానికి 30 మీటర్ల లోపు కనీసం రెండు కార్లకు చోటు కేటాయించాలి. ఒక్కొక్కటి 3.6 మీటర్ల వెడల్పు ఉండాలి. కారు పక్కన చక్రాల కుర్చీ దించుకోవడానికి ఆ వెడల్పు. అలాంటి చోట చక్రాల కుర్చీ బొమ్మ గీసి ఉంటుంది. మన దగ్గర ఆ బొమ్మ మీద ఎవరెవరి బండ్లు నిలబడి ఉంటాయో మీకు తెలుసు. కాబట్టి యూడీఐడీ కార్డు జేబులో పెట్టుకోండి. గేటు దగ్గర వాచ్‌మన్‌తో వాదించాల్సి వస్తే చూపించడానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి.

శిబిరం రోజున ఏం తీసుకెళ్ళాలో మా అనుభవం కొద్దీ చెబుతాను. స్లాటు చీటీ, ఆధార్, రెండు ఫొటోలు, పాత వైద్య కాగితాలు, కాళ్ళూ చేతుల సమస్యకు ఎక్స్‌రే. మంచినీళ్ళు, చద్దిమూట తప్పనిసరి. మధ్యాహ్నం దాటినా పేరు పిలవకపోవచ్చు. చెవుల పరీక్షకు వెళ్ళేవాళ్ళు ముందు రోజు చెవిలో గుబిలి తీయించుకుంటే మంచిది. పక్కన ఒక తోడు ఉండాలి. ఆ తోడు చదువుకున్న మనిషైతే ఇంకా మంచిది. డాక్టరు కంప్యూటరులో ఏం ఎక్కించారో ఆ పక్కన నిలబడే మర్యాదగా అడిగి తెలుసుకోవచ్చు. మన హాస్టల్లో డిగ్రీ చదివిన అన్నలు ప్రతి మండలంలో ఉన్నారు. వాళ్ళు ఏడాదికి ఒక రోజు ఇటువంటి తోడుకు కేటాయించగలరు.

ఆ కనిగిరి తమ్ముడి విషయం చెప్పి ముగిస్తాను. వాళ్ళ నాన్నతో ఫోనులో మాట్లాడాను. ఆయన కూడా మా నాన్న అన్న మాటే అన్నాడు. "పిల్లోడు బాగానే నడుస్తాడు గదయ్యా." ఆయన నడుము కూడా వంగడం లేదని మాటల మధ్య తెలిసింది. ఇద్దరికీ స్లాటు పెట్టించాం, ఒంగోలులో ఒకే రోజు దొరికింది. ఆ రోజుకు తమ్ముడికి సెలవు చీటీ వార్డెన్ గారు రాసి ఉంచారు. ఎక్స్‌రేలు తీయించడం అయింది. తోడుగా నేను వెళుతున్నాను. సైకిలు సంగతి మాత్రం ఏ కార్డూ రాకముందే తేలిపోయింది. వార్డెన్ గారు బడికి వెళ్ళి హెడ్మాస్టారు గారితో మాట్లాడితే, ఆయన వరండా మెట్ల పక్కన వేపచెట్టు కింద చోటు చూపించారట. ఇప్పుడు వాడి సైకిలు అక్కడే ఉంటోంది.